మాణిక్‌తలా తోటలో యువగోష్ఠి

1828 ప్రాంతమున కలకత్తా హిందూ కళాశాలలో ఉపాధ్యాయుడుగా నుండిన హెన్రీ డెరోజియో, ఇరువదియేండ్లైనను నిండనివాడయ్యు, శిష్యులను మాణిక్‌తలాలోని యొక తోటయింట చేర్చి విధి, స్వేచ్ఛ, విగ్రహారాధనము, దేశభక్తి మున్నగు విషయములపై వాదింపజేసిన గోష్ఠియే అకడెమిక్ అసోసియేషన్. గురువాక్యమే వేదమైన కాలమున గురువే ప్రశ్నింపుడని ప్రోత్సహించుట యెంత సాహసము! 1831లో కళాశాలవారి నిర్బంధమున రాజీనామా నొసంగి, ఆ డిసెంబరులోనే విషూచిచే ఇరువదిరెండేండ్లకే గతించెను.

శిష్యులు మాత్రము నోరు మూయలేదు. 1843 ఫిబ్రవరిలో ఆ కళాశాల మందిరముననే జరిగిన యొక సభలో దక్షిణారంజన ముఖర్జీ ఈస్టిండియా కంపెనీవారి న్యాయస్థానముల, పోలీసుల స్థితినిగూర్చి వ్యాసము చదువుచుండగా, ప్రిన్సిపాలు రిచర్డ్‌సన్ లేచి, ఈ మందిరమును రాజద్రోహమునకు నెలవు కానీయనని గద్దించెను; అధ్యక్షపీఠమున నున్న తారాచంద చక్రవర్తి, ఆయన యిచట కేవల మతిథియే యనియు, మాట వెనుకకు దీసికొననిచో కళాశాల సంఘమునకు, అవసరమైనచో ప్రభుత్వమునకే విన్నవింతుమనియు బదులు పలికెను.