కొత్వాలు పెట్టిన హాస్టల్

వందేళ్ల కింద గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల పల్లెల్లో పుట్టిన పిల్లవాడు కాలేజీ గడప తొక్కాలంటే సాధారణంగా హైదరాబాదు బాట పట్టాల్సి వచ్చేది. అక్కడ చదువు కంటే ముందు వెతుక్కోవాల్సింది తలదాచుకునే చోటు, వేళకింత అన్నం. 1918లో రెడ్డి హాస్టల్ పుట్టింది ఆ అవసరంలోంచే.

దాన్ని నిలబెట్టిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి వనపర్తి సీమవారే. 1869లో రాయణిపేటలో పుట్టారు. అమీనుగా పోలీసు కొలువులో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, 1920లో కొత్వాలు, అంటే నగర పోలీసు పెద్ద, అయ్యారు. నిజాం కొలువులో ఆ పదవి హిందువుకు దక్కడం అదే మొదలంటారు.

1924లో హాస్టల్ కార్యదర్శిగా వచ్చిన సురవరం ప్రతాపరెడ్డిది గద్వాల వైపు ఇటికాలపాడు. మద్రాసులో బి.ఏ., తిరువనంతపురంలో బి.ఎల్. చదివారు. అప్పట్లో కచేరీ భాష ఉర్దూ. హాస్టల్ పుట్టిన ఏడాదే ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలూ ఉర్దూలోనే. అలాంటి ఊళ్లో సురవరం హాస్టల్ గ్రంథాలయానికి 11 వేల పుస్తకాలు చేర్చారు. క్లాసులో ఉర్దూ విని వచ్చిన కుర్రవాడికి గదికి నాలుగడుగుల దూరంలో తెలుగు పుస్తకం చేతికందేది.

హాస్టల్ పనులు చూస్తూనే 1926 మే 10న ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. వెంకటరామారెడ్డి జీవిత చరిత్ర రాసిందీ ఆయనే.

రెడ్డి హాస్టల్ పేరులోనే కులం ఉంది. నగరంలో వైశ్య, మున్నూరు కాపు, గౌడ హాస్టళ్లు కూడా వెలిశాయి. పల్లె నుంచి వచ్చిన పిల్లలకు కులమే కూడు, గూడు చూపింది. అలా చూపేవాళ్లు లేని కులాల పిల్లలకు ఆ తలుపులు అందలేదు. రెడ్డి హాస్టల్లో ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డే తర్వాత హరిజన సేవకు దిగి, దళిత పిల్లల కోసం హాస్టళ్లు నడిపారు.

నిజాం పోలీసు పెద్ద పెట్టిన ఇంట్లో ఉన్న ఆ విద్యార్థే 1930లో చదువు వదిలి కాకినాడ ఉప్పు సత్యాగ్రహానికి వెళ్లారు. ఆపై నిజాం మీద సాయుధ పోరాటం నడిపారు. 1952లో తొలి సాధారణ ఎన్నికలు వచ్చాయి. సురవరం కాంగ్రెస్ తరఫున వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. రావి నారాయణరెడ్డి పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ తరఫున నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు.