కదలని తల కోసం

మా నాన్నగారికి వణుకుడు వ్యాధి ముదిరిన రోజులలో, మెదడుకు ఎమ్మారైతో పాటు స్పెక్ట్రోస్కోపీ కూడా చేయించమన్నారు. తలకిరువైపులా స్పాంజి ముక్కలు కూర్చి, "కదలొద్దండీ" అని మూడుసార్లు చెప్పారు. చివరకు నివేదికలో మిగిలినది ఒకే వాక్యం: రోగి కదిలినందువలన ఫలితం విశ్వసనీయం కాదు. అది విని ఆయన తప్పుచేసిన పిల్లవాడిలా తల దించుకున్నారు. వణుకు చూపించుకోవడానికి వచ్చినవారిని వణకవద్దనడం ఏమి న్యాయమో తెలియక ఈ చరిత్ర తిరగవేశాను.

1973లో పాల్ లాటర్‌బర్ నేచర్ పత్రికలో ప్రచురించిన తొలి అయస్కాంత అనునాద చిత్రం సన్నని గాజుగొట్టాలలోని నీటిది. గాజుగొట్టానికి వణుకు లేదు, ఊపిరీ లేదు. 1982లో బ్రౌన్, కిన్‌కేడ్, ఉగుర్బిల్ అనే ముగ్గురు, ఏ రసాయనం ఎక్కడ ఎంత ఉన్నదో పటంగా గీసే పద్ధతిని వివరించారు. చిక్కంతా అక్కడే. మెదడులోని ఆ రసాయనాల సంకేతం నీటి సంకేతంలో సుమారు పదివేలవ వంతు. ఒక పొరను 16 అడ్డం, 16 నిలువు గళ్ళుగా విభజిస్తే 256 కొలతలు కావాలి. కొలతకు ఒకటిన్నర సెకను చొప్పున ఆరు నిమిషాలు దాటుతుంది. పైగా ఒక్కొక్క కొలత ఒక్కొక్క గడిది కాదు, ప్రతి కొలతలోనూ పొర మొత్తం ఉంటుంది. ఫోటోలో చెయ్యి కదిపితే చెయ్యే మసకబారుతుంది. ఇక్కడ క్షణంపాటు తల కదిలినా ఆ దోషం చిత్రమంతటా పరచుకుంటుంది. నెత్తిచర్మం కింది కొవ్వు సంకేతం మెదడు మీదికి పొర్లి అసలు రసాయనాలను కప్పివేస్తుంది.

1984లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ స్థానాన్నీ వర్ణపటాన్నీ ఒకేసారి చదివే వేగవంతమైన మార్గం చూపాడు. అయితే బలహీనమైన సంకేతాన్ని మళ్ళీ మళ్ళీ కొలిచి కూడక తప్పదు గనుక, వేగం ఒక్కటే చాలలేదు.

నాకు అసలు మలుపుగా తోచేది 1989 నాటిది. ఎహ్‌మన్, ఫెల్మ్‌లీలు కొలతల నడుమ ఒక చిన్న అదనపు సంకేతం తీసి, అవయవం ఎంత జరిగిందో లెక్కించి సవరించారు. దానికి నావిగేటర్ అని పేరు. "కదలకు" అనడం మాని "ఎంత కదిలావు" అని అడిగే యంత్రమన్నమాట. ఆ ఊహనే 2011లో ఆరన్ హెస్ తదితరులు వర్ణపటానికి పెంచి తెచ్చారు. కొలతల నడుమ తలకంతటికీ చిన్న త్రిపరిమాణ పటం తీసి, తల ఎటు తిరిగిందో మాత్రమే కాక, ఆ తిరుగుడుకు అయస్కాంత క్షేత్రం ఎంత చెదిరిందో కూడా దిద్దారు. ఈ రెండవదే కష్టం. క్షేత్రంలో సమత పోతే రసాయనాల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అప్పటికది మెదడులో ఒక చిన్న ఘనానికే. 2014లో బోగ్నర్ బృందం దానిని వర్ణపట చిత్రణకు విస్తరించి, చెడిన కొలతలను మాత్రమే తిరిగి తీసుకునే ఏర్పాటు చేసింది.

మేము వెళ్ళినది ఆ తరువాతే. ఆ యంత్రంలో అటువంటి సదుపాయం ఉన్నదా అని అడగాలని నాకప్పుడు తెలియదు. తిరిగివస్తూ ఆటోలో నాన్నగారు, "ఈసారి గట్టిగా బిగబట్టి పడుకుంటానురా" అన్నారు.