ఊరి సర్కారు గది

పొద్దున ఏడు కాకముందే పంచాయతీ ట్రాక్టరు చప్పుడు వినపడుతుంది. మీరు సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) మండలంలో ఉన్నారు. ఏ ఊరని అడగకండి. ఇక్కడ ఏ ఊళ్ళో దిగినా, ఏ తండాలో దిగినా మీకు ఎదురయ్యే పొద్దు ఇంచుమించు ఇదే. కార్మికురాలు ఇంటింటి ముందూ ఆగి తడి చెత్త ఒకవైపు, పొడి చెత్త ఒకవైపు ట్రాలీలో గుమ్మరిస్తోంది. ఆ ట్రాక్టరు వెనకే నడవండి, సర్పంచ్ ఇల్లు వస్తుంది.

గేటు తీసే ఉంది. లోపలికి పోవడానికి చీటీ రాసివ్వక్కర్లేదు, పీఏను బతిమాలక్కర్లేదు. అరుగు మీద అప్పటికే నలుగురు కూర్చున్నారు.

"అక్కా, మా గల్లీల లైటు మూడు రోజుల సంది వెలుగుతలేదు."

"బోరు మోటరు కాలింది సర్పంచమ్మా. రాత్రి నుంచి నీళ్ళు బంద్."

"కోతులు ఇంట్లకు జొరబడుతున్నయ్ బిడ్డా. పిల్లలను బయటికి పంపాలంటే భయమైతాంది."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి ఫోను అందుకుంటుంది. ముందు మోటరు సంగతి. బోర్లోంచి పైకి లాగే మనుషులను పిలవాలి, కాలిన మోటరును సూర్యాపేటకు పంపి రివైండింగ్ చేయించాలి, అది తిరిగొచ్చేదాకా ట్యాంకరు తిప్పాలి. లాగినవాళ్ళకు కూలి ఈ పూటే ఇవ్వాలి. రివైండింగ్ చేసినవాడు డబ్బు చేతిలో పడితేగాని మోటరు కదలనివ్వడు. పంచాయతీ ఖాతాలోంచి ఆ పైసలు ఈ రోజు రావని ఆమెకు తెలుసు. బీరువా తీస్తుంది. మీరు చూస్తున్నారు కదా, ఊరి సర్కారు ఖజానా ప్రస్తుతానికి ఆ ఇంటి బీరువానే.

పదిన్నరకు పంచాయతీ ఆఫీసులో కూర్చోండి. గోడ మీద గాంధీ, అంబేడ్కర్ పటాలు. బల్ల మీద ఇంటి పన్ను రసీదు పుస్తకం, తీర్మానాల రిజిస్టరు, సెక్రటరీ ముందు కంప్యూటరు. సర్పంచ్ కుర్చీలో ఆమే కూర్చుంది, భర్త కాదు. సర్పంచ్ పదవుల్లో సగం మహిళలవని చట్టం చెప్పింది. ఆ కుర్చీలో స్వయంగా కూర్చుని, రిజిస్టరు చదివి సంతకం పెట్టే మహిళ కనపడినప్పుడు ఆ చట్టానికి ప్రాణమొచ్చినట్టు.

ఈ చిన్న గది వెనక పెద్ద రాజ్యాంగం ఉంది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. తాగునీళ్ళు, రోడ్లు, పారిశుద్ధ్యం, ప్రాథమిక విద్య వగైరా 29 అంశాలు పంచాయతీలకు అప్పగించవచ్చని 11వ షెడ్యూలు చెప్పింది. తెలంగాణ 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చుకుంది. ఆ ఏడే చాలా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. ఒక్కసారిగా నాలుగు వేల పైచిలుకు కొత్త పంచాయతీలు పుట్టాయి. నిన్నటిదాకా పక్కూరి సర్పంచ్ గడప ముందు నిలబడ్డ లంబాడా కుటుంబాలు ఇప్పుడు తమ తండాలో తమ మనిషినే అడుగుతున్నాయి. ఈ మార్పును తక్కువ చేసి చూడకూడదు.

అయిదారు వందల మందికి ఒక సర్కారా అని ఎవరైనా తీసిపారేస్తే వాళ్ళకు సార్క్ దీవి సంగతి చెప్పండి. ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య సముద్రంలో ఉంటుంది. జనం ఆరు వందల లోపే. కార్లు తిరగవు. అక్కడా ట్రాక్టర్లే, తోడుగా సైకిళ్ళు, గుర్రపు బండ్లు. అయినా దానికి చీఫ్ ప్లీస్ అనే సొంత శాసనసభ ఉంది. తన పన్నులు తానే నిర్ణయించుకుంటుంది. జనం లెక్కన చూస్తే మన తండా ఆ దీవికి ఏమీ తీసిపోదు. తేడా అంతా డబ్బు తాళం ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే.

మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రండి. మోటరు బిల్లు ఎట్లా కదులుతుందో చూడండి. పని జరిగినట్టు తీర్మానం రాయాలి. బిల్లులు జత చేయాలి. రోడ్డో మోరీయో కట్టిన పనైతే అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) వచ్చి కొలిచి కొలతల పుస్తకం (ఎంబీ) రాయాలి. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలని 2018 చట్టం అంటుంది. ఇద్దరికీ పడకపోతే ఫైలు అక్కడే పడి ఉంటుంది. అన్నీ కుదిరి ట్రెజరీకి పోయాక ఎదురుచూపు మొదలవుతుంది. ఊరివాళ్ళు కట్టిన ఇంటి పన్ను కూడా ట్రెజరీ ఖాతాకే చేరుతుంది. అంటే ఊరు తన సొమ్ము తానే అడిగి తీసుకోవాలి. ఢిల్లీ నుంచి వచ్చే నిధులకు వేరే లెక్క. 2025-26 దాకా 15వ ఆర్థిక సంఘం ఇచ్చినదాంట్లో 60 శాతం తాగునీళ్ళకు, పారిశుద్ధ్యానికే పెట్టాల్సి వచ్చేది. మిగతా 40 శాతంలోనే ఊరు తన అవసరం చూసుకోవాల్సి వచ్చేది.

పాత సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1న అయిపోయింది. ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ఈ మధ్యలో దాదాపు రెండేళ్ళు ప్రత్యేక అధికారుల పాలన. దిగిపోయిన సర్పంచుల్లో చాలామంది చేసిన పనుల బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు, ధర్నాలు చేశారు. శ్మశానవాటికకు, సీసీ రోడ్డుకు మిత్తికి తెచ్చి పెట్టినవాళ్ళు వాళ్ళు. సర్పంచ్ గౌరవ వేతనం 2021లో పెంచితే 6,500 రూపాయలయింది. ఆ జీతంతో ఆ మిత్తి తీరేది కాదు.

మధ్యాహ్నం దాటాక కబురొస్తుంది. ఊళ్ళో ఒక ముసలాయన పోయాడు. ఆఫీసు ఖాళీ. మీరూ వెళ్ళండి. సర్పంచ్ ముందు ఆ ఇంటి గడప తొక్కుతుంది, ఆడవాళ్ళ పక్కన కాసేపు కూర్చుంటుంది. తర్వాత బయటికొచ్చి పనిలో పడుతుంది. వైకుంఠధామం, అంటే శ్మశానవాటిక, ఊడ్పించాలి, స్నానాలకు ట్యాంకరు పంపాలి, దారిలో కంప కొట్టించాలి. 2019లో పల్లె ప్రగతి కార్యక్రమం మొదలైనాక ట్రాక్టరు, ట్యాంకరు, వైకుంఠధామం పల్లెపల్లెకూ వచ్చాయి. అవి లేని రోజుల్లో వానాకాలం చావొస్తే పడ్డ పాట్లు ఆ గుంపులో పెద్దలెవరినడిగినా చెబుతారు. ఏ దేశాధినేత ఆఫీసుకూ ఈ పని ఉండదు. ఈ ఆఫీసుకు ఉంది కాబట్టే నాకు దీని మీద అంత గౌరవం.

ఈ నేలకు తన్ను తాను ఏలుకోవడం కొత్త కాదు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట కాలంలో సూర్యాపేట తాలూకా ఉద్యమానికి గుండెకాయ. తెలంగాణలో సుమారు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయని ఆ పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. దొర గడీలో తెగే తగాదాలు ఊరి కమిటీ ముందుకొచ్చాయి. భూములు పంచింది ఆ కమిటీలే. చదువు అంతంతమాత్రమైన రైతులు, కూలీలు అంత భారం మోయగలిగినప్పుడు, ఇవాళ్టి సర్పంచ్‌ను నమ్మి నిధులు చేతికివ్వడానికి వెనకాడాల్సిన పని లేదు. ఊరి పన్ను ఊరి ఖాతాలోనే ఉండాలి. పని కొలిచి సరిచూశాక బిల్లు గడువులోగా రావాలి. ఈ రెండూ జరిగితే ఆ బీరువా తెరవాల్సిన అవసరం ఆమెకు రాదు.

అడగాల్సింది పైవాళ్ళనే కాదు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టంలో ఉంది. డప్పు చాటింపు వింటాం, పొలం పనుందని పోతాం, తర్వాత రచ్చబండ మీద సర్పంచ్‌ను తిడతాం. ఈసారి చాటింపు వినపడితే వెళ్ళండి. వెనక నిలబడకండి, ముందు వరసలో కూర్చోండి. జమాఖర్చుల పుస్తకం బయటికి చదవమనండి. మోటరుకు ఎంతయింది, ట్రెజరీలో ఎంత ఆగింది, ఎన్ని నెలలుగా ఆగింది అడగండి. లెక్క తప్పితే నిలదీయండి. లెక్క సరిగ్గా ఉండి డబ్బే రాకపోతే, మండల ఆఫీసుకు ఆమెను ఒంటరిగా పంపకండి, మీరూ వెంట వెళ్ళండి.