ఫోలిక్ ఆమ్లం నుంచి అమినోప్టెరిన్ వరకు: పిల్లల రక్తక్యాన్సర్‌పై ఒక ప్రయోగ చరిత్ర

ప్రయోగాత్మక చికిత్స అనగానే కొందరు, పిల్లల మీద ప్రయోగాలా అని భయపడతారు. మరికొందరు అదే ఆఖరి ఆశ అని గుడ్డిగా నమ్ముతారు. ఈ రెండూ ఎందుకు సరికావో తెలిపే చరిత్ర ఒకటుంది. అందులో కీలక పాత్ర ఒక తెలుగువాడిది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. మహమ్మద్‌నగర్ ప్రాంత విద్యార్థులు ఈ సంవత్సరాన్ని సులభంగా గుర్తుపెట్టుకోవచ్చు: మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం మొదలైంది కూడా ఆ ఏడాదే. 1940లో సుబ్బారావు హార్వర్డ్ విశ్వవిద్యాలయాన్ని వదిలి లెడర్లీ అనే మందుల సంస్థలో చేరి, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆ ప్రయోగశాలల్లో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది ఈ విటమినే.

ఆ రోజుల్లో తీవ్ర ల్యుకేమియా సోకిన పిల్లలు కొన్ని వారాల్లోనో నెలల్లోనో మరణించేవారు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ వారికి ముందుగా ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇచ్చి చూశారు. వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకున్నట్లు కనిపించింది. ఇక్కడ ఆగి ఆలోచించండి. క్యాన్సర్ కణం పెరగడానికి ఈ విటమిన్ కావలసివస్తే, దాన్ని అందకుండా చేస్తే ఏమవుతుంది? లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన అమినోప్టెరిన్ రూపంలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటుంది, కాని కణంలో దాని పనిని అడ్డుకుంటుంది. ఫార్బర్ 1947 డిసెంబరులో దీన్ని వాడడం మొదలుపెట్టారు.

1948 జూన్‌లో ఫలితాలు వెలువడ్డాయి. చికిత్స పొందిన 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగు కనిపించింది. మిగిలిన ఆరుగురి సంగతిని కూడా ఫార్బర్ దాచలేదు. వ్యాసం శీర్షికలోనే 'తాత్కాలిక' ఉపశమనం అని స్పష్టంగా పేర్కొన్నారు. నిజంగానే వ్యాధి తిరగబెట్టింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

మరి ఆ ప్రయోగం విఫలమైనట్టేనా? కాదు. మందుతో ల్యుకేమియాను వెనక్కి నెట్టవచ్చని అది రుజువు చేసింది. అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ తరువాత వాడుకలోకి వచ్చింది. ఒక్క మందు చాలదని గ్రహించిన వైద్యులు 1960లలో పలు మందులను కలిపి ఇచ్చారు. నేడు మంచి వైద్యం పూర్తిగా అందితే, పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అత్యధికులకు నయమవుతుంది. ఆ చికిత్సలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

ఈ చరిత్రకు మరో పక్క కూడా ఉంది. నేటి తరహా నైతిక సంఘాల పరిశీలన 1948లో లేదు. 1964 నాటి హెల్సింకి ప్రకటన వైద్య పరిశోధనకు నైతిక సూత్రాలు ఏర్పరచింది. మన దేశంలో 2019 నిబంధనల ప్రకారం క్లినికల్ ప్రయోగానికి నైతిక సంఘం ఆమోదం ఉండాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి తీసుకోవాలి.

కాబట్టి ఎవరైనా 'కొత్త చికిత్స' అంటే మీరు మూడు ప్రశ్నలు వేయండి. దీనికి ఎవరి ఆమోదం ఉంది? ఇప్పటికే రుజువైన చికిత్స ఏదైనా మిగిలి ఉందా? నయంకాని రోగులను కూడా లెక్కలో చూపుతున్నారా? బాగుపడిన వారిని మాత్రమే చూపేది ప్రచారం. ఆ ఆరుగురినీ లెక్కించేదే ప్రయోగం.