వానాకాలం దస్తర్‌ఖాన్: ఖిచ్డీ, ఖట్టా, రోట్

హైదరాబాద్ పేరెత్తితే ఎవరికైనా ముందు బిర్యానీయే గుర్తొస్తుంది. దావత్‌కి బిర్యానీ సరే. కానీ ముసురు పట్టి, మూడు రోజులు సూర్యుడు కనపడక, ఆరేసిన బట్టలు ఇంట్లోనే వాసన కొడుతుంటే మన అమ్మీలు, నానీలు పొయ్యి మీద ఎక్కించేది బిర్యానీ దేగ్చా కాదు. ఖడీ మసూర్‌తో పసుపుపచ్చని ఖిచ్డీ, నువ్వుల ఖట్టా, జేబు బాగుంటే ఖీమా, లేకపోతే అండా ఆమ్లెట్, పక్కన పాపడ్, ఆచార్. మా దాదీ అయితే మబ్బు కమ్మగానే గుమ్మంలోంచే కేకేసేది: "పానీ పడ్‌రా, ఖిచ్డీ చడా దేవ్!"

బాద్‌షాల దస్తర్‌ఖాన్ గురించి కితాబులు చాలానే ఉన్నాయి. ఈ వాన తిండికేం తారీఖ్ ఉంటుందిలే అనుకుంటాం. వెతికితే అదీ దొరుకుతుంది, ఒకచోట కాదు, ముక్కలు ముక్కలుగా.

మొదటి ముక్క మొరాకో మనిషి దగ్గరుంది. ఇబ్నె బతూతా 1333లో హిందూస్తాన్ వచ్చాడు, ముహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారులో ఖాజీగా కొలువు చేశాడు. ఇక్కడి పంటల గురించి రాస్తూ పెసల దగ్గర ఆగాడు. వీళ్లు పెసల్ని బియ్యంతో కలిపి వండి, నెయ్యి వేసుకుని తింటారు, దాన్ని 'కిష్రీ' అంటారు, రోజూ పొద్దున నాష్తా ఇదే అని రాసుకున్నాడు. మా మగ్రిబ్‌లో హరీరా ఎలాగో వీళ్లకి ఇది అలాగని కూడా అన్నాడు. ఈ పోలిక నాకు భలే నచ్చింది. ఊరుగాని ఊళ్లో కొత్త తిండి చూసిన ముసాఫిర్‌కి తన ఇంటి గిన్నె గుర్తొచ్చిందన్నమాట. (మన ఇళ్లల్లో హరీరా అంటే బాలింతకిచ్చే బాదం, గసగసాల పానకం. వాళ్లది పప్పులు, మాంసం వేసే చిక్కటి సూప్. పేరొకటే, గిన్నెలు వేరు.)

ఖిచ్డీని పొద్దున నాష్తాగా తినడం గమనించండి. మా పక్కింటి పిన్నిగారి లెక్కలో కిచిడీ జ్వరమొచ్చినవాళ్ల పథ్యం, లేకపోతే రాత్రిపూట తేలిక భోజనం. మన ఇళ్లల్లో మాత్రం అది ఆదివారం పొద్దుటి రాజా. పెళ్లయిన కొత్తలో అత్తారింటికొచ్చిన అల్లుడికి కూడా నాష్తాలో ఖిచ్డీ, ఖీమా, ఖట్టాయే పెడతారు. రమజాన్‌లో సహెరీకి కూడా అదే. కడుపులో నిలబడుతుంది, గొంతు దిగడం సులువు.

రెండో ముక్క మన దక్కన్‌దే, అదీ వానాకాలానిదే. అఫనాసీ నికితిన్ అనే రష్యన్ వ్యాపారి 1470కి అటూ ఇటూగా బహమనీ రాజ్యంలోకి వచ్చాడు, బీదర్ చూశాడు. అమ్ముకుందామని ఒక గుర్రాన్ని వెంట తెచ్చాడు. దారిలో జున్నర్‌లో వానలకి ఆగిపోయాడు. నాలుగు నెలలు పగలూ రాత్రీ ఎక్కడ చూసినా నీళ్లూ బురదా అని రాసుకున్నాడు. మంచు దేశం నుంచి వచ్చినవాడికి ఈ వాన ఎలా అనిపించిందో! ఆ పేజీల్లోనే గుర్రాల మేత గురించి చెప్తూ, వీటికి శనగలు పెడతారు, చక్కెరా నెయ్యీ వేసి కిచిరీ వండి తినిపిస్తారు అని రాశాడు. అరబ్బు దేశాల నుంచి ఓడల మీద వచ్చే గుర్రం ఆనాటి దక్కన్‌లో చాలా ఖరీదైన సరుకు. దాని నజాకత్ అలా ఉండేది. మనుషులు తినే ఖిచ్డీలో నెయ్యి ఎంతుండేదో ఆయన చెప్పలేదు.

నెయ్యి సంగతి అబుల్ ఫజల్ చెప్పాడు. అక్బర్ కాలపు ఆయినె అక్బరీలో వంటకాల కొలతలున్నాయి. మాంసం లేని వంటల జాబితాలో ఖిచ్డీ ఉంది: బియ్యం 5 సేర్లు, పప్పు 5 సేర్లు, నెయ్యి కూడా 5 సేర్లు! ఈ నుస్ఖా చదివి వినిపిస్తే మా అమ్మీ "తౌబా" అని చెంపలేసుకుంది. నెల రేషన్‌లో అర కిలో నెయ్యి కొనే ఇంటికి అది వంటకం కాదు, జాయ్‌దాద్. జహంగీర్ గుజరాత్ వెళ్లినప్పుడు సజ్జలతో చేసిన ఖిచ్డీ తిని మెచ్చుకున్నాడని ఆయన తుజుక్‌లో ఉంది. బాద్‌షాకి కూడా నచ్చింది పేదవాళ్ల ధాన్యంతో చేసిందే. ఇది నాకు అబుల్ ఫజల్ 5 సేర్ల నెయ్యి కంటే పెద్ద సనద్ అనిపిస్తుంది.

ఇక ఖట్టా. చింతపండుని అరబ్బులు 'తమ్రె హిందీ' అన్నారు, అంటే హిందూస్తానీ ఖజూర్. ఇంగ్లీషువాళ్ల టామరిండ్ అందులోంచి పుట్టిందే. నువ్వులు ఈ నేల మీద ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ మనం ఖట్టాలో వేసే ఎండుమిర్చి, పల్లీలు రెండూ సముద్రం అవతల అమెరికా ఖండం పంటలు. పోర్చుగీసువాళ్ల ఓడలు వచ్చాకే మిరప ఈ దేశంలో అడుగుపెట్టింది. అంటే నికితిన్ బీదర్‌లో తిరిగిన రోజుల్లో మిర్చి బఘార్ వేసిన ఖట్టా లేనే లేదు. "మా ఖాన్‌దానీ ఖట్టా వెయ్యేళ్ల నాటిది" అని మామూజాన్ ఎవరైనా డప్పు కొడితే మర్యాదగా వినండి, నవ్వకండి.

వాన రోజునే ఈ జోడీ ఎందుకంటే, జవాబు నాలుక మీద లేదు, పొయ్యిలో ఉంది. గ్యాస్ రాకముందు ఇళ్లల్లో కట్టెలు, బొగ్గుల సిగ్డీ, పిడకలు. వానకి కట్టె తడిస్తే పొగ తప్ప మంట రాదు. రెండు పొయ్యిలు మండించే స్తోమత ఎక్కడిది? ఒకే దేగ్చాలో బియ్యం, పప్పు కలిపి ఎక్కిస్తే ఒక్క మంటతో పని అయిపోతుంది. ఖట్టానైతే ఉడికించే పనే లేదు. నువ్వులు, పల్లీలు వేయించి నూరి, పల్చటి చింతపండు రసంలో కలిపి, పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర వేసి బఘార్ పెడితే చాలు. సంతకి పోలేని రోజున కూరగాయలుండవు. బియ్యం, మసూర్, చింతపండు, నువ్వులు మాత్రం డబ్బాల్లో, మర్తబాన్‌లలో ఎప్పుడూ ఉంటాయి. ఇది ఆడవాళ్ల లెక్క. ఏ మున్షీ దఫ్తర్‌లోనూ రాయలేదు గానీ ఆయినె అక్బరీ కంటే పక్కా లెక్క.

వాన అంటే ఎప్పుడూ పాపడ్, చాయ్ కాదు. హైదరాబాద్ పాతవాళ్లు 'తుగ్యానీ' అంటే చాలు, ఏ సంవత్సరమో చెప్పక్కర్లేదు. 1908 సెప్టెంబర్ 28, హిజ్రీ 1326 రమజాన్ అప్పుడే మొదలవుతున్న రోజులు. మూసీ కట్టలు తెంచుకుని ఊరి మీద పడింది. అఫ్జల్‌గంజ్ పుల్ కొట్టుకుపోయింది, మొహల్లాలకి మొహల్లాలే పోయాయి. చనిపోయినవాళ్లు 15 వేల దాకా ఉంటారని అంచనా. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ కళ్ల ముందే తల్లి, భార్య, కూతురు ముగ్గురూ నీళ్లల్లో పోయారు, ఆయనొక్కడే బతికాడు. ఇప్పటి ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన మహళ్ల తలుపులు తెరిపించాడు, ఇల్లూ వాకిలీ పోయినవాళ్లకి అన్నం పెట్టించాడు. తర్వాత విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి.

ఆ రాత్రి ఎన్ని ఇళ్లల్లో సహెరీకి పప్పూ బియ్యం కడిగి పెట్టుకున్నారో అన్న ఖయాల్ నన్ను వదలదు. వరదలో ముందు పోయినవి ఏటి ఒడ్డు మట్టి ఇళ్లు. తడి కట్టెల పొయ్యి వెలిగించేదీ ఆ ఇళ్ల ఆడవాళ్లే. పక్కా ఇళ్లవాళ్లకి వాన మౌసమ్. వీళ్లకి ప్రతి ఏడూ ఒక ఇమ్తెహాన్.

ఇప్పుడు బేకింగ్ సంగతి. ఒవెన్ మనకి కొత్త గానీ బేకింగ్ కొత్త కాదు. కింద నిప్పులు, మూత మీద నిప్పులు, మూత చుట్టూ పిండి ముద్దతో సీలు, అదే 'దమ్'. ముహర్రంలో చేసే దమ్ కే రోట్ పేరులోనే ఆ పద్ధతి ఉంది. సూజీ, మైదా, ఖోవా, నెయ్యి, చక్కెర, బాదం, యాలకులు, జాఫ్రాన్ కలిపి బిళ్లలు చేసి కాలుస్తారు. పాతనగరంలో ఇప్పటికీ కొందరు పిండి ఇంట్లో కలిపి, పళ్లెంలో సర్ది, పైన దస్తీ కప్పి భట్టీకి పంపుతారు. కాల్చిన కూలీ మాత్రం నాన్‌బాయీకి. మా దాదీది సూర్యాపేట వైపు చిన్న ఊరు, అక్కడ భట్టీ లేదు. ఇత్తడి లగన్‌లో ఇసుక పోసి, దానిమీద తట్ట పెట్టి, మూత పైన బొగ్గులు వేసి కాల్చేది. కొన్ని అడుగు మాడేవి. మాడినవి పిల్లలకి, బాగా వచ్చినవి ఫాతెహాకి. హిజ్రీ సంవత్సరం ఏటా 10, 11 రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి ముహర్రం 33 ఏళ్లకోసారి రుతువులన్నీ చుట్టి వస్తుంది. ఈ ఏళ్లల్లో తొలకరితో వస్తోంది. ఇలాంటి సంవత్సరాల్లో మా దాదీ నెల ముందే బొగ్గులు మంచం కింద దాచేదట.

ఆసఫ్‌జాహీ జెండా మధ్యలో ఉన్న తెల్లటి గుండ్రం కుల్చా అనే చెప్తారు. ఔరంగాబాద్ బుజుర్గ్ ఒకరు మొదటి నిజాముల్ముల్క్‌కి కుల్చాలు పెట్టారని, ఆయన ఏడు తిన్నాడని, ఏడు తరాలు ఏలుతారని దువా ఇచ్చారని కథ. కథ నిజమో కాదో గానీ రొట్టెని జెండా మీద పెట్టుకున్నారంటే నాకు ముచ్చటేస్తుంది. ఉస్మానియా బిస్కెట్‌కి హాస్పిటల్ వల్ల ఆ పేరొచ్చిందని కొందరు, ఏడో నిజాం వల్ల అని కొందరు. చాయ్‌లో ముంచితే రెండు వాదాలూ కరిగిపోతాయి.

2017 నవంబర్‌లో ఢిల్లీలో 918 కిలోల ఖిచ్డీ వండి గిన్నెస్ రికార్డు కొట్టారు. ఇది జాతీయ వంటకమా, ఎవరి వంటకం అని టీవీల్లో గొడవ కూడా అయింది. బెంగాలీలు వానకి ఖిచురీ వండుతారు, గుజరాతీలు కఢీతో తింటారు, మనం ఖట్టాతో. మొరాకో ముసాఫిర్ తుగ్లక్ కాలంలోనే హిందూస్తాన్‌వాళ్ల నాష్తా అని రాసి పెట్టాడు, మతం పేరు అడగలేదు.

నా ఫికర్ వేరే. సూఖా గోష్త్. ఖుర్బానీ మాంసాన్ని పట్టీలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, మిద్దె మీద తాడుకి ఎండబెట్టి, వానలకి దాచేవాళ్లు. ముసురు రోజున గుప్పెడు తీసి నానబెట్టి ఖిచ్డీ పక్కన వేయించేవాళ్లు. ఇప్పుడు ఫ్రిజ్ ఉంది, మిద్దె మీద పక్క అపార్ట్‌మెంట్‌వాళ్ల కళ్లున్నాయి, మాంసం తాడుకి వేలాడితే ఎవరేం అంటారోనన్న డర్ ఉంది. మా ఇంట్లో తాడు కట్టి పదేళ్లు దాటింది. బక్రీద్ ఈ మధ్య ఎండల్లోనే వస్తోంది కాబట్టి ఈసారి కిటికీ లోపలి వైపే, ఫ్యాన్ కింద, దుపట్టా కప్పి ఆరబెట్టాం. నాలుగు రోజులు పట్టింది. డబ్బా మీద అమ్మీ తేదీ రాసి పెట్టింది. మొదటి ముసురు ఇంకా పట్టలేదు, మా అమ్మాయి రోజుకోసారి మూత తీసి వాసన చూస్తోంది.