విల్లా కొనేముందు చెరువు హద్దు చూడాలి

హైదరాబాద్ శివార్లలోని ప్రశాంత వాతావరణంలో సొంత ఇల్లు ఉండాలన్నది అనేక కుటుంబాల ఆకాంక్ష. అయితే పచ్చదనం, నిశ్శబ్దం మాత్రమే చూసి జీవితకాలపు పొదుపును వెచ్చించడం తగదు. 2024 సెప్టెంబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా మల్లంపేటలో కత్వ చెరువు పరిధిలో వెలసిన విల్లాలను హైడ్రా కూల్చివేయడమే ఇందుకు నిదర్శనం.

నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్ల మేర నిర్మాణాలు నిషిద్ధం. కావున స్థలం సర్వే నంబరును హెచ్‌ఎండీఏ చెరువుల పటాలతో సరిపోల్చుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీసుకుని, లింకు పత్రాలను న్యాయవాదికి చూపించాలి. భారీ వర్షం కురిసిన మరునాడు స్థలాన్ని స్వయంగా సందర్శిస్తే వరద నీటి దారి తెలుస్తుంది.

2016 నాటి రెరా చట్టం కొనుగోలుదారులకు కొంత రక్షణ కల్పిస్తున్నది. విక్రయ ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతానికి మించి బిల్డరు వసూలు చేయరాదు. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడితే ఉచితంగా సరిచేయవలసిన బాధ్యత కూడా బిల్డరుదే. రెరా నమోదు ఉన్నప్పటికీ చెరువు హద్దును విడిగా నిర్ధారించుకున్న తరువాతే బయానా చెల్లించడం శ్రేయస్కరం.