నిప్పుకీ నిద్రకీ మధ్య

మా అత్తగారికి ఒక అలవాటుంది. రాత్రి పడుకోబోయే ముందు వంటింట్లోకి వెళ్ళి, గ్యాసు కట్టేశామో లేదో స్వయంగా తడిమి చూసి వస్తారు. "నేను కట్టేశానండీ" అని చెప్పినా సరే, తను చూస్తేగాని ఆవిడకి నిద్రపట్టదు. ఇది గ్యాసుతో వచ్చిన అలవాటు కాదు. కట్టెల పొయ్యి రోజుల్లో నిప్పుల మీద నీళ్ళు చల్లిగాని పక్క ఎక్కేవారు కాదట. తర్వాత కిరసనాయిలు స్టవ్వు వచ్చింది. వెలుగుతున్న స్టవ్వులో కిరసనాయిలు పొయ్యకూడదన్న కొత్త నియమం దానితోపాటు రాలేదు. కొందరు ఇల్లాళ్ళ చీరలు అంటుకున్నాక, కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఈ మధ్య మా ఇంట్లోకి మరో కొత్త వస్తువు వచ్చింది. మా పెద్దాడు కాలేజీకని ఎలక్ట్రిక్ స్కూటరు కొనిపించుకున్నాడు. చప్పుడు లేదు, పొగ లేదు, పెట్రోలు బంకు దగ్గర పడిగాపులు లేవు. నాకూ ముచ్చటగానే వుంది. రాత్రి ఇంటికి రాగానే బ్యాటరీని టిఫిను కారియర్‌లా ఊడదీసి లోపలికి పట్టుకొస్తాడు. మెట్ల కింద ప్లగ్గులో పెడతాడు. తెల్లవార్లూ అది అక్కడే వుంటుంది. మేం పైన పడుకుంటాం. మెట్ల పక్క గదిలో అత్తగారు.

"ఒరేయ్, అది నిప్పుట్రా?" అని అడిగారావిడ ఒకనాడు.

"నిప్పేమిటి నాయనమ్మా! కరెంటు!" అని నవ్వేశాడు వాడు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. నేను చదివింది బి.ఏ. చరిత్ర. రసాయనశాస్త్రానికి ఆమడ దూరం. కానీ ఏ సంగతైనా దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే నాకు కాస్త బోధపడుతుంది. అందుకని ఈ బ్యాటరీగారి జాతకం తిరగేశాను.

చెప్పొద్దూ, జాతకంలోనే అగ్గి వుంది. 1970లలో అమెరికాలో ఎక్సాన్ అనే చమురు కంపెనీలో స్టాన్లీ విటింగ్‌హామ్ అనే ఆయన లిథియం లోహంతో మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే బ్యాటరీ తయారుచేశాడు. లోహాలన్నిటిలోకీ తేలికైనది లిథియం. తేలికైనదే గాని నిదానం తెలియనిది. ఛార్జి చేసినకొద్దీ లోపల సన్నటి మీసాల్లాంటి తీగలు మొలిచేవి. అవి పెరిగి పెరిగి అవతలి కొసను తాకితే షార్టు సర్క్యూట్, ఆపైన మంట. అగ్నిమాపక దళంవారు ఆ ప్రయోగశాలకి తిరిగి తిరిగి విసిగిపోయి, ఇక మీద మంటలార్పే మందుల ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తామని బెదిరించారట!

1980లో ఆక్స్‌ఫర్డులో జాన్ గుడినఫ్ ఇంకా బలమైన పదార్థం కనిపెట్టాడు. 1985లో జపానులో అకిరా యోషినో ఆ పెంకి లోహాన్నే బయటికి తీసేశాడు. బొగ్గులాంటి కర్బన పదార్థం పొరల్లో లిథియం అయాన్లు మాత్రం తలదాచుకునే ఏర్పాటు చేశాడు. చేసి, ఆ బ్యాటరీ మీద ఇనప దిమ్మెను పడేసి చూశాడు. పాత రకం అయితే భళ్ళున పేలింది. ఇది పేలలేదు. లిథియం అయాన్ బ్యాటరీ అసలు పుట్టింది ఆ క్షణంలోనేనని ఆయనే చెప్పుకున్నాడు. 1991లో సోనీ కంపెనీ దాన్ని బజారులోకి తెచ్చింది. 2019లో ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడినఫ్‌గారికి 97 ఏళ్ళు.

అంటే ఈ బ్యాటరీకి శక్తి నేర్పడానికి ఎంత కష్టపడ్డారో, బుద్ధి నేర్పడానికీ అంత కష్టపడ్డారన్నమాట. లోపల రెండు కొసల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి వుంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి తాకకుండా చూడడం దాని పని. అది చదువుతుంటే నాకు అగ్గిపెట్టె గుర్తొచ్చింది. మొదట్లో అగ్గిపుల్లల్ని దేనికి గీసినా భగ్గుమనేవి. 1844లో స్వీడనులో పాష్ అనే పండితుడు పుల్లకొసనున్న భాస్వరాన్ని తీసి పెట్టె పక్కకి చేర్చే ఉపాయం కనిపెట్టాడు. రెండింటినీ విడదీశాడు, అంతే! ఇప్పుడా అగ్గిపెట్టె మన పోపులపెట్టె పక్కనే నిశ్చింతగా కూర్చుంటోంది.

మరి ఇంత బుద్ధి నేర్చిన బ్యాటరీ ఎందుకు అంటుకుంటుంది? నాసిరకం సెల్లులు, దెబ్బ తగలడం, నీళ్ళు చేరడం, దానిది కాని ఛార్జరు, హద్దు మీరిన ఛార్జింగు. వీటిలో ఏదో ఒకటి ఆ పల్చటి పొరను పాడుచేస్తుంది. ఒక సెల్లు వేడి పక్కసెల్లుకి, దాని వేడి మరోదానికి. లోపలి పదార్థమే ప్రాణవాయువు విడుస్తుంది కనక, దుప్పటి కప్పితే ఆరే మంట కాదది. ఇనుము, ఫాస్ఫేటుతో చేసిన మరో రకం వుంది. 1997లో అక్షయ పాధి, నంజుండస్వామి, గుడినఫ్ కలిసి ప్రకటించినది. అది ప్రాణవాయువును అంత సులువుగా వదలదు. కాస్త బరువెక్కువ, భయం తక్కువ. భయం తక్కువే గాని, అసలు లేకపోలేదు.

2022 మన రెండు రాష్ట్రాలకీ చేదు సంవత్సరం. ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగులో వున్న బ్యాటరీ రాత్రివేళ పేలి, ఎనభై ఏళ్ళ పెద్దాయన పోయారు. రోజుల తేడాతో విజయవాడలో పడగ్గదిలో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ ఒక ఇంటి యజమానిని బలిగొంది. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ బళ్ళ షోరూములో మొదలైన మంట తాలూకు పొగ మెట్లదారినే పైనున్న లాడ్జిలోకి ఎక్కింది. 8 మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం ప్రమాణాలు బిగించింది. 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత. లోపల వేడి పుంజుకుంటే బండి ముందుగా హెచ్చరించాలి. ఒక సెల్లు చెడినా పెట్టె మొత్తం అంటుకోకూడదు. నియమం మళ్ళీ నిప్పు తర్వాతే వచ్చింది.

"మెట్లదారినే" అన్న మాట దగ్గర నా చదువు ఆగిపోయింది. మా ఇంటికీ కిందికి దిగే దారి అదొక్కటే!

ఆ రాత్రి పెద్ద రభసే జరిగింది. "కంపెనీ బ్యాటరీ అమ్మా, ఏం కాదు" అని వాడు. "వెయ్యిళ్ళలో ఏం కాదురా. అయిన ఒక్క ఇంట్లో దిగడానికి మెట్లుండవు" అని నేను. మావారు పేపరు చాటునుంచి, "వరండాలో ప్లగ్గు పెట్టిస్తే పోలా?" అన్నారు. ఇన్నాళ్ళ కాపురంలో ఆయన ఇంత త్వరగా తీర్పు చెప్పడం అదే మొదలు.

మర్నాడే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఇప్పుడు బ్యాటరీ మకాం ముందు వరండాలో, ఎండ పడని మూల, గచ్చు మీద. గుమ్మానికి అడ్డం కాకుండా, చుట్టూ గుడ్డలూ కాగితాలూ లేకుండా. బండి దిగగానే కాదు, చల్లబడ్డాకే ఛార్జింగు. దాని ఛార్జరే తప్ప వేరొకటి వద్దు. మేమంతా మేలుకుని వున్నప్పుడే పెట్టాలి. కిందపడినా, ఉబ్బినా, నీట మునిగినా కంపెనీవాళ్ళకి చూపించాల్సిందే. సందు చివర చవక రిపేరు కుదరదు. పొగ కనిపిస్తే వీరత్వాలు వద్దు, తలుపు మూసి అందరూ బయటికి వచ్చేసి 101కి ఫోను చెయ్యాలి.

వాడు రెండ్రోజులు మూతి ముడుచుకున్నాడు. మూడోనాడు మరిచిపోయాడు. మరిచిపోయి ప్లగ్గు తియ్యకుండానే పడుకున్నాడు కూడా.

నేను గాభరాగా కిందికి దిగి వచ్చేసరికి వరండాలో లైటు వెలుగుతోంది. అత్తగారు వంటింట్లో గ్యాసు చూసుకుని ఇటు వచ్చినట్టున్నారు. స్విచ్చి ఆపేసి, ప్లగ్గు ఊడదీసి, వైరు చుట్టి పక్కన పెడుతున్నారు.

"కరెంటంటాడు వెధవ" అన్నారావిడ, చేతులు దులుపుకుంటూ. "వెళ్ళి పడుకోవే, నేను చూశాలే."